అప్‌డేట్: జుట్టు మార్పిడి మచ్చ, ఏడు నెలల తర్వాత

ఎఫ్‌యూటీ పద్ధతిలో (తల వెనక నుంచి చర్మం పట్టీ కోసి తీసి, అందులోని కుదుళ్లను జుట్టు లేని చోట నాటడం) జుట్టు పెట్టించుకున్న మూడో వారంలో, తల వెనక కుట్ల గీత ఎర్రగా ఉబ్బిందని, పెట్టిన జుట్టు రాలిపోతోందని టెన్షన్‌తో అడిగాను కదా. ఇప్పటికి ఏడు నెలలు.

రాలేది వెంట్రుకే, కుదురు లోపలే ఉంటుందని మీలో ఒకరన్నారు. నిజమే. నాలుగో నెలలో నూగులా మొదలై, ఇప్పుడు దువ్వెనకు అందుతోంది.

మచ్చదే అసలు కథ. ఎరుపు తగ్గడానికే నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు చెవి నుంచి చెవి దాకా తెల్లటి సన్నని గీత. పైన జుట్టు అంగుళం ఉంటే కనబడదు. సెలూన్‌లో మెషీన్ దగ్గరగా పెట్టారంటే దొరికిపోతాను. కుట్లు తీశాక డాక్టర్ చెప్పిన సిలికాన్ జెల్ రోజుకు రెండుసార్లు రాశాను. తగ్గింది దానివల్లో, కాలంవల్లో చెప్పలేను. మొదటి నెల జిమ్ మానేయడం మాత్రం మంచిదైంది. మెడ వంచి బరువులెత్తితే గీత లాగి వెడల్పవుతుందట. మొద్దుబారిన చోట స్పర్శ తిరిగొచ్చింది, ఎడమ చెవి పైన కాస్త తప్ప.

అమ్మేమో తిరుమల మొక్కు గుర్తుచేస్తోంది. గుండు కొట్టిస్తే మచ్చ ఊరంతా చూస్తుంది! ఏడాది నిండనివ్వమ్మా అన్నాను.