పార్క్ నుంచి రివర్స్‌లోకి వేస్తే ధడ్‌మని కుదుపు, బండి వేడెక్కాకే

2016 పెట్రోల్ సెడాన్, 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే రకం; మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రంతో నడిపించే ఏఎంటీ కాదు), 78,000 కి.మీ. తిరిగింది. మూడు నెలలుగా పార్క్ నుంచి రివర్స్‌లోకి లివర్ లాగితే ఒక సెకను ఏమీ ఉండదు, తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదుపు. పొద్దున చల్లటి ఇంజిన్ మీద అసలు రాదు. అరగంట హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరిగొస్తే పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తుంది. న్యూట్రల్ నుంచి రివర్స్‌కీ అంతే. డ్రైవ్‌లోకి మాత్రం వెన్నలా పడుతుంది.

మా సెల్లార్ ర్యాంప్ వాలు వల్ల పార్కింగ్ లాక్ (పార్క్‌లో గేర్‌బాక్స్‌ని కదలకుండా పట్టే కొక్కెం) మీద బరువు పడుతోందేమో అనుకున్నా. చదును నేల మీద, హ్యాండ్‌బ్రేక్ ముందే వేసి చూశా, తేడా లేదు. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ వేగం) 700 ఆర్‌పీఎం దగ్గరే నిలకడగా ఉంది. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని అదుపు చేసి పంపే భాగం) కడిగించా. గేర్‌బాక్స్ ఆయిల్ 4 లీటర్లు దించి కొత్తది పోయించా (అలా దించితే సగమే మారుతుందని తర్వాత తెలిసింది!). వారం రోజులు కాస్త తగ్గి మళ్లీ మొదలైంది. స్కానర్‌లో లోపం చూపే కోడ్‌లు ఏమీ లేవు.

ఒక మెకానిక్ ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) పోయాయంటాడు. మౌంట్లే అయితే చల్లగా ఉన్నప్పుడు, డ్రైవ్‌లో కూడా తెలియాలి కదా? ఇంకొకాయన చూడకుండానే వాల్వ్ బాడీ (గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఒత్తిడిని మళ్లించి గేర్లు వేసే భాగం) మార్చాలన్నాడు, అది చాలా ఖర్చు.

గేర్‌బాక్స్ విప్పకముందే, తప్పు మౌంట్లదా, వాల్వ్ బాడీదా, రివర్స్ క్లచ్‌దా (గేర్‌బాక్స్ లోపల రివర్స్ గేర్‌ని పట్టించే క్లచ్) అని తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?