సమస్య: దించినపుడె వాని దీప్తి పెరిగె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), యతి (అక్షరాల మైత్రి) దిం–దీ. ‘దిగు’కు ప్రేరణ ‘దించు’. దాన్ని ఎలా వాడుకుంటారో మీ ఇష్టం.

గోదారిగట్టు:
ముప్పదొక్క దినము మూలమూలల జనుల్
వీధికెక్కి యతని వెంట నడవ
గద్దె మీఁది నుండి కపటంపు నేతలు
దించినపుడె వాని దీప్తి పెరిగె

(1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ పదవి పోయింది, సెప్టెంబరు 16న తిరిగి వచ్చింది.)

నిర్వాహకుడు: గణయతులు శుద్ధం. మూడో పాదంలోనే నుడికారం పలచబడింది. ‘గద్దె దించు’ అన్నప్పుడు ‘నుండి’ లోపలే ఉంది, పైకి చెప్పనక్కర్లేదు. ‘గద్దెను దించారు’ అంటే మరీ ప్రమాదం, కుర్చీనే కిందికి దించినట్టు! ఇలా మార్చి చూడండి: ‘కపటనీతితోడఁ గలిసి కొందఱు గద్దె’.

గోదారిగట్టు: బాగుంది గురువుగారూ. పత్రికలు ‘బర్తరఫ్’ అంటాయి కదా, అది పట్టదా?

నిర్వాహకుడు: గవర్నరు చేసింది బర్తరఫే. అది పైనుంచి కిందికే నడిచే మాట. ఓటరు నాయకుణ్ణి బర్తరఫ్ చేయడు, దించుతాడు. ‘కూలదోయు’ ప్రభుత్వానికి నప్పుతుంది, మనిషికి అంతగా నప్పదు.

లాంతరు:
పొగలు పట్టి గాజు బుడ్లెల్ల మసిబాఱె
వత్తులెత్తిపెట్ట వలను దప్పి
పక్క మరను పట్టి పదిలంబుగా నింత
దించినపుడె వాని దీప్తి పెరిగె

కొత్తసభ్యుడు: దీపానికి ‘దాని’ కదండీ, ‘వాని’ ఏమిటి?

నిర్వాహకుడు: ‘అవి’కి గ్రాంథికంలో ‘వాని’ అనే వస్తుంది, ఇవాళ ‘వాటి’ అంటున్నాం. బుడ్లు బహువచనం కాబట్టి చెల్లింది. నేతను వదిలేసి వత్తిని పట్టుకోవడం ఈ వారం నాకు నచ్చిన చమత్కారం.

కొత్తసభ్యుడు: నా మూడో పాదం: ‘సభ యభిశంసించి చక్కగా నేతను’.

నిర్వాహకుడు: స–చ యతి కుదిరింది. రెండో గణం ‘భిశం’ లఘువు, గురువు. అది సూర్యగణం కాదు, అక్కడే నడక కుంటింది. అర్థమూ చూసుకోండి. అభిశంసించడమంటే నేరం మోపడం. అమెరికా అధ్యక్షుల్లో 1868లో జాన్సన్, 1998లో క్లింటన్ అభిశంసనకు గురయ్యారు. పైసభ సెనేట్ దోషులనలేదు, ఇద్దరూ దిగలేదు. రాష్ట్రపతి అభిశంసనకు మన రాజ్యాంగం 61వ అధికరణలోనూ అంతే. నాలుగో వంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల నోటీసు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఓటు ఉన్నా అది ఆరోపణే. రెండో సభ విచారించి అంతే మెజారిటీతో తేల్చాకే రాష్ట్రపతి దిగేది. ‘సభలు రెండు తప్పు చాటి నేతను గద్దె’ అంటే గణాలు కుదురుతాయి. తప్పు తేలినవాడికి దీప్తి ఎలా పెరిగిందో మాత్రం మొదటి రెండు పాదాల్లో మీరే సమర్థించుకోవాలి.