సెలయేటి లోచ్ చేపలు మొప్పలు వేగంగా ఆడిస్తున్నాయి

ప్రశ్న: అద్దాలకు, రాళ్లకు పట్టిన నాచును తింటాయని విని, నా 80 లీటర్ల అక్వేరియంలో రెండు సెలయేటి లోచ్ చేపలను వదిలాను. మొదటి వారం చురుకుగా తిరిగిన అవి ఇప్పుడు నీటి పైభాగాన అద్దానికి అతుక్కుని మొప్పలు వేగంగా ఆడిస్తున్నాయి. పొట్టలు కూడా లోపలికి పోయాయి. నీరు 28 డిగ్రీలు ఉంది. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

జవాబు 1: ముందు నీటిని చల్లబరచండి. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కాబట్టి, వేగంగా పారే సెలయేళ్లకు అలవాటుపడిన ఈ చేపలకు ఊపిరి చాలదు. నీటి మీదికి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి, ఎయిర్ పంపుతో పాటు నీటిని బలంగా తోసే పవర్‌హెడ్ కూడా అమర్చి, క్రమంగా 24 డిగ్రీలకు తీసుకురండి. చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషపదార్థాలైన అమోనియా, నైట్రైట్ కూడా ఈరోజే పరీక్షించండి, ఎందుకంటే అవి ఉన్నా చేపలు ఇలాగే ఆయాసపడతాయి.

జవాబు 2: పై సలహా సరైనదే, అయితే పొట్టలు లోపలికి పోవడం ఆకలికి గుర్తు. ఇవి ప్రధానంగా రాళ్ల మీది పలుచని జీవపొరను, అందులోని సూక్ష్మజీవులను గీరి తింటాయి. కుచ్చులుగా పెరిగే నల్లని నాచును దాదాపు ముట్టవు. నున్నని గులకరాళ్లను ఎండలో నీళ్ల బకెట్లో ఉంచి, పచ్చని పొర పట్టాక తొట్టెలోకి మార్చండి. నా చేపలు కోలుకున్నది ఈ రాళ్లతోనే.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఫ్యాన్ ఇప్పుడే పెట్టాను.