ఇంగ్లీష్ కథలో ఫ్లాష్‌బ్యాక్: 'హ్యాడ్' ఎక్కడ ఆపాలి?

ఇంగ్లీష్‌లో ఒక కథ రాస్తున్నాను. సుమారు 3,000 పదాలు, అంతా సింపుల్ పాస్ట్‌లో ('హీ షౌటెడ్' లాంటి మామూలు భూతకాలం). మధ్యలో 600 పదాల ఫ్లాష్‌బ్యాక్ ఉంది: రాజమండ్రి స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్న కొడుకు, పదేళ్ల క్రితం తండ్రితో జరిగిన గొడవ గుర్తు చేసుకుంటాడు. చిక్కంతా అక్కడే.

మొదట ఆ భాగం మొత్తం పాస్ట్ పర్ఫెక్ట్‌లో, అంటే అంతకుముందే జరిగిందని చెప్పే 'హ్యాడ్' రూపంలో రాశాను. 'హీ హ్యాడ్ షౌటెడ్, హీ హ్యాడ్ స్లామ్డ్ ద డోర్' అంటూ 41 సార్లు 'హ్యాడ్' వచ్చింది. గొడవలో వేడే పోయింది. తర్వాత మొదటి రెండు వాక్యాల్లో మాత్రం 'హ్యాడ్' ఉంచి, మిగతాది సింపుల్ పాస్ట్‌కి మార్చాను. చదవడానికి హాయిగా ఉంది. కానీ చదివిన ముగ్గురిలో ఇద్దరు, 'తండ్రి ఇప్పుడు స్టేషన్‌కి వచ్చాడా?' అని అడిగారు. కథ మళ్లీ స్టేషన్‌కి తిరిగి వచ్చే చోట 'నౌ' పెట్టి చూశాను, అతికించినట్టుంది. గ్రామర్ చెకర్ దేన్లోనూ తప్పు చూపలేదు. తెలుగులో 'అరిచాడు' అంటే 'షౌటెడ్', 'హ్యాడ్ షౌటెడ్' రెండింటికీ సరిపోతుంది కదా, అందుకే నా చెవికి తేడా పట్టడం లేదు.

ఇంగ్లీష్‌లో కథలు రాసేవాళ్లు చెప్పండి: ఫ్లాష్‌బ్యాక్ ముగిసిందని పాఠకుడికి తెలియాలంటే, చివరి వాక్యంలో మళ్లీ ఒకసారి 'హ్యాడ్' వాడితే సరిపోతుందా?