పది మంది ఉన్న పోస్టులో జవాన్ల ఉత్సాహం తగ్గినప్పుడు సెక్షన్ కమాండర్ ఏమి చేయాలి?

ప్రశ్న: ఒక హవల్దారు

అందరికీ నమస్కారం. నేను పదాతి దళంలో హవల్దారును. ఎత్తైన కొండల్లో ఒక పోస్టును, అక్కడ ఉండే సెక్షనును, అంటే పది మంది చిన్న దళాన్ని, నాకు అప్పగించారు. స్థలం గాని, యూనిట్ పేరు గాని ఇటువంటి చోట రాయకూడదు కనుక ఆ వివరాలు అడగవద్దని మనవి. మా బదులు రావలసిన సెక్షను, మంచు పడి దారి మూసుకుపోవడం వల్ల రాలేదు. ఎప్పుడు వస్తుందో కంపెనీ నుంచి కూడా గట్టి మాట రావడం లేదు.

మా వాళ్ళలో క్రమశిక్షణకు లోటు లేదు. సంతరీ (కాపలా) డ్యూటీకి ఎవరూ ఆలస్యంగా రారు, ఆయుధాలు శుభ్రంగా ఉంటాయి, చెప్పిన పని చెప్పినట్టు జరుగుతుంది. అయితే చెప్పని పని ఒక్కటీ జరగడం లేదు. వచ్చిన కొత్తలో రాత్రి డ్యూటీ దిగినవాడు ఎక్కబోయేవాడి కోసం టీ కాచి ఉంచేవాడు. జారిన ఇసుక బస్తాను ఎవరో ఒకరు అడగకుండానే సర్దేవారు. ఇప్పుడు పళ్ళెంలో అన్నం పెట్టుకొని ఎవరి మూలకు వారు వెళ్ళిపోతున్నారు. లాన్స్ నాయక్ ఒకరికి ఊళ్ళో పొలం తగాదా నడుస్తోంది, అతను మాట్లాడటమే మానేశాడు. నాలుగేళ్ళ కాలానికి చేరిన అగ్నివీరులు ఇద్దరు ఉన్నారు. నాలుగేళ్ళ తరువాత నూటికి 25 మందికి మించి కొనసాగించరు కనుక ఆ ఇద్దరి మధ్య స్నేహం కన్నా పోటీ ఎక్కువైంది.

క్యారమ్ బోర్డు తెప్పించాను, ఆదివారాలు పాయసం వండించాను, రోల్ కాల్‌లో రెజిమెంటు చరిత్ర చెప్పాను. ఆ పూటకు నవ్వుతారు, మరునాటికి మళ్ళీ అదే మౌనం. సెలవు మంజూరు చేయడం, రేషను పెంచడం నా చేతిలో లేవు. ఉన్నంతలో ఒక హవల్దారు చేయగలిగినది ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: ఒక మాజీ సుబేదారు

హవల్దార్ గారికి నమస్కారం. ఆయుధాలు శుభ్రంగా ఉన్నాయని మీరు రాసిన మాట చూసి నాకు ధైర్యం కలిగింది. మీ సెక్షను చెడిపోలేదు. అలసిపోయింది, పైగా తాను పడుతున్న శ్రమను ఎవరూ లెక్కపెట్టడం లేదని అనుకుంటోంది. ఈ రెండింటికీ క్యారమ్ బోర్డు మందు కాదు.

నా ఉద్యోగకాలమంతా నేను గమనించినది ఇదే: చిన్న పోస్టులో జోష్ నిలిచినా జారినా అది డ్యూటీ రోస్టరు వల్ల, సెలవుల వరుస వల్ల. బెటాలియనులో ఒకరికి అన్యాయం జరిగితే దానిని ఆఫీసు మీదకో, హెడ్ క్లర్కు మీదకో తోసేసి ఊరుకుంటారు. పది మంది ఉన్నచోట అలా కాదు. రాత్రి 2 నుంచి 4 వరకు ఉండే డ్యూటీ ఎవరికి ఎన్నిసార్లు పడిందో, నీళ్ళ కోసం మంచు తవ్వి తెచ్చే పని ఎవరికి తప్పిపోతోందో ప్రతి ఒక్కరికీ నోటికి వస్తుంది. కాని ఎవరూ పైకి అనరు. కనుక రోస్టరును మీ డైరీలో దాచుకోకుండా గోడకు అంటించండి, గడచిన నెల లెక్క కూడా దాని పక్కనే ఉంచండి. సంతరీలను తనిఖీ చేయడమే మీ పని అయినప్పటికీ, ఆ చలి డ్యూటీల్లో వారానికి ఒకటి మీ పేరున రాసుకోండి. దీని గురించి ఉపన్యాసం అవసరం లేదు, కాగితం మీద మీ పేరు కనిపిస్తే చాలును.

ఇక సెలవులు. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అగ్నివీరుకు మొత్తం 30 రోజులే. మంజూరు మీ చేతిలో లేదన్నది నిజమే, కాని వరుసను సిఫారసు చేసేది మీరే. దారి తెరుచుకున్న రోజున మొదట ఎవరు దిగాలి, తరువాత ఎవరు అన్నది ఇప్పుడే అందరినీ కూర్చోబెట్టి, ఎవరి ఇంట్లో ఏ అవసరం ఉందో వినిపించి, కారణాలతో సహా తేల్చండి. మొదటి పేరు మీది కాకూడదు. తేదీ తెలియకపోయినా తన వంతు ఎన్నవదో తెలిసిన మనిషికీ, ఏదీ తెలియని మనిషికీ చాలా తేడా ఉంటుంది.

దారి గురించిన కబురు కూడా అంతే ముఖ్యం. రోజూ ఒకే వేళకు, కంపెనీతో రేడియో సెట్ మీద మాట్లాడిన వెంటనే, తెలిసినది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. 'వచ్చే వారం వచ్చేస్తారు' అని ఊరడించకండి. ఆ వారం గడిచిపోతే, తరువాత మీరు నిజమైన కబురు తెచ్చినా ఎవరూ నమ్మరు. గస్తీ విషయంలో ఇంకొకటి చేయండి. గస్తీ నుంచి వచ్చి మీరు పంపిన నివేదిక ఏమైందో, దానిని ఎవరు చదివారో, దాని వల్ల ఏ నిర్ణయం జరిగిందో కంపెనీ కమాండరును అడిగి, చెప్పదగినంత మేరకు మనవాళ్ళకు చెప్పండి. తాము నడిచిన నడక కాగితంలోనే ఆగిపోయిందని అనుకునేవారు రెండవసారి ఉత్సాహంగా నడవరు.

అగ్నివీరులిద్దరినీ బడ్డీ జతగా ఉంచకండి. ఒక్కొక్కరిని ఒక్కో పాత జవానుతో కలపండి. ఒకరికి రేడియో సెట్ పూర్తిగా నేర్పించండి, రెండవవారికి ప్రథమ చికిత్సో, మెషిన్ గన్ పనో అప్పగించండి. నేర్చుకున్న తరువాత మిగిలినవారికి నేర్పే బాధ్యత కూడా వారికే ఇవ్వండి. ఒకే కొలతతో ఇద్దరినీ కొలవడం ఆగితే పోటీ దానంతట అదే తగ్గుతుంది. వారిద్దరిలో ఎవరు మెరుగన్న మాట మీ నోటి నుంచి పొరపాటున కూడా రాకూడదు.

జవాబు: సైనిక ఆసుపత్రులలో పనిచేసిన ఒక వైద్యురాలు

సుబేదార్ గారు చెప్పినది అక్షరాలా పాటించదగినది. అయితే అంతకన్నా ముందు, ఈ రోజే చూడవలసినవి రెండున్నాయి.

మొదటిది బుఖారీ, అంటే బంకరును వెచ్చగా ఉంచే పొయ్యి. మూసిన బంకరులో కిరోసిన్ మండుతూ, పొగ గొట్టం మంచుతో కొంత మూసుకుపోయినా చాలును, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మందకొడితనం, వికారం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం దాని తొలి లక్షణాలు కావచ్చు. మోతాదు పెరిగితే నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉదయం లేవగానే తలనొప్పి అని చెప్పేవారు ఒకరికన్నా ఎక్కువ మంది ఉన్నారా, బయట గాలిలోకి వెళ్ళిన తరువాత అది తగ్గుతోందా అని అడగండి. గొట్టం రోజూ శుభ్రం చేయించండి, గాలి వచ్చే సందు మూయనివ్వకండి, నిద్రపోయే వేళ బుఖారీ ఆర్పించండి.

రెండవది నిద్ర. మన సైన్యంలో 2,700 మీటర్లు, అంటే 9,000 అడుగులు దాటితే ఎత్తైన ప్రాంతంగా లెక్కిస్తారు, ఆపైన దశలవారీగా శరీరాన్ని అలవాటు చేసిన తరువాతే పంపుతారు. అలవాటు పడినప్పటికీ నిద్రలో శ్వాస ఆగి ఆగి సాగడం వల్ల మనిషికి మాటిమాటికీ మెలకువ వస్తుంది. ఆకలి తగ్గుతుంది, చిన్న మాటకే విసుగు పుడుతుంది. దీనికి తోడు రెండేసి గంటల డ్యూటీలు రాత్రిని ముక్కలు చేస్తే వారాల తరబడి ఎవరికీ సరైన నిద్ర ఉండదు. మనుషుల సంఖ్య ఏ మాత్రం అనుమతించినా, ప్రతి జవానుకూ ఒక్క విడతగా కొన్ని గంటలు నిద్రపోయే రాత్రి వంతులవారీగా దొరికేటట్టు రోస్టరును మార్చి చూడండి. నిద్రమాత్రలు మాత్రం వైద్యుడు చెప్పనిదే ఎవరికీ ఇవ్వకూడదు. ఆ ఎత్తులో అవి శ్వాసను మరింత నెమ్మదింపజేస్తాయి.

మాట మానేసిన లాన్స్ నాయక్ విషయం నాకు ఆందోళన కలిగించింది. తిండి మానడం, తన వస్తువులు ఇతరులకు ఇచ్చివేయడం, 'నేను లేకపోతే అందరికీ సుఖం' అన్న ధోరణిలో మాట్లాడటం వంటివి గమనిస్తే ఒంటరి డ్యూటీలో పెట్టకండి, ఆయుధంతో ఒక్కడిని వదలకండి, వెంటనే నర్సింగ్ అసిస్టెంటు ద్వారా వైద్యాధికారికి తెలియజేయండి. చావు ఆలోచన వస్తోందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. పుట్టి ఉంటే మనకు తెలుస్తుంది. ఇది శిక్షించవలసిన విషయం కాదని అతనికి మీ నోటితో చెప్పండి. ఫోను అందే చోట అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416లో తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

జవాబు: ఒక చరిత్ర అధ్యాపకుడు

నేను సైన్యంలో పనిచేయలేదు, రెండవ ప్రపంచ యుద్ధ చరిత్ర బోధిస్తాను. అయినా మీ ప్రశ్న చదివినప్పుడు 1943లో బర్మా సరిహద్దులో జపానుతో పోరాడుతున్న బ్రిటిష్ పద్నాలుగవ సైన్యం ఉన్న స్థితి గుర్తుకు వచ్చింది కనుక రాస్తున్నాను. అందులో అత్యధికులు మన దేశపు సైనికులే. అంతకు ముందు ఏడాది బర్మా నుంచి ఓడి వెనక్కు నడిచి వచ్చినవారు, వానలు, మలేరియా, ఇంటి నుంచి రాని ఉత్తరాలు, అన్నిటికీ మించి జపాను సైనికుడిని అడవిలో ఎవరూ గెలవలేరన్న నమ్మకం. ఆ ఏడాది గాయంతో వెనక్కు పంపిన ఒక్కొక్క సైనికునికి జబ్బుతో పంపినవారు 120 మంది.

ఆ సైన్యపు సేనాని విలియం స్లిమ్ అక్కడ చేసిన పనులలో ఎక్కువ భాగం ప్రసంగాలు కావు. మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్రలు నిజంగా మింగుతున్నారో లేదో తెలుసుకోవడానికి ముందుగా చెప్పకుండా రక్త పరీక్షలు చేయించారు. యూనిట్‌లో కనీసం 95 శాతం మందిలోనైనా మందు కనిపించకపోతే బాధ్యతను సైనికుల మీద కాక కమాండింగ్ ఆఫీసరు మీద పెట్టి పదవి నుంచి తొలగించారు. అలా ముగ్గురిని తొలగించిన తరువాత మిగిలినవారు దారికి వచ్చారు. ముందు వరుసలో ఉన్నవారికి సగం రేషను అందుతున్నప్పుడు తన ప్రధాన కార్యాలయంలో కూడా సగం రేషనే అమలు చేశారు. మీరు చలి డ్యూటీలో మీ పేరు రాసుకోవాలని సుబేదార్ గారు చెప్పినదానికి ఇది పెద్ద ఎత్తున జరిగిన ఉదాహరణ.

మీకు మరింత ఉపయోగపడేది గెలుపు రుచి చూపించిన పద్ధతి. మొదట చిన్న గస్తీలు పంపి, తిరిగి వచ్చి చెప్పుకోదగిన ఫలితం వచ్చేటట్టు చూశారు. ఆ తరువాత జపాను ప్లాటూను ఉన్న చోటి మీదికి ఒక బెటాలియనును, కంపెనీ ఉన్న చోటి మీదికి ఒక బ్రిగేడును, అంటే శత్రువు కన్నా ఎన్నో రెట్లు పెద్ద బలగాన్ని పంపారు. బలం వృథా చేస్తున్నారని విమర్శ వచ్చినా, ఆ దశలో ఓటమి ఎదురుకాకుండా చూడటమే అసలు లక్ష్యమని ఆయన భావించారు. మీ పోస్టులో యుద్ధం లేకపోవచ్చును; కాని పూర్తి చేయగలిగిన పని ఒకటి ఎంచుకోవచ్చు. కాలిబాటకు తాడు కట్టడం, నీళ్ళు కాచే చోటికి గాలి అడ్డు గోడ కట్టడం వంటిది, సెక్షను అంతా చేసి, సాయంత్రానికి కళ్ళ ముందు కనిపించేది, మరునాటి నుంచి అందరి కష్టాన్నీ కొంత తగ్గించేది అయితే మంచిది. ఖాళీగా ఉంచడం ఇష్టం లేక కల్పించిన పనిని మాత్రం సైనికులు ఇట్టే గుర్తుపడతారు.

మన కాలానికి దగ్గరగా చూస్తే, 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అమరుడైన కర్నల్ సంతోష్ బాబు గారు సూర్యాపేటవారు, నడిపినది 16 బిహార్ బెటాలియనును. ఆ రాత్రి ఆయన ఉన్నది తన జవాన్ల మధ్యనే. భాష, ప్రాంతం వేరైనా మనుషులు ఎవరి వెంట నడుస్తారన్నదానికి ఇంతకన్నా వివరణ అక్కరలేదని నాకు అనిపిస్తుంది.

జవాబు: ఒక జవాను భార్య, పశ్చిమ గోదావరి జిల్లా

అన్నయ్య గారికి నమస్కారం. మా వారు కూడా ఇటువంటి చోట ఉన్నారు కనుక పొలం తగాదా మాట చూసి ఆగలేకపోయాను. ఫోనులో ఇంటి వాళ్ళు కష్టం చెబుతారు, అక్కడి మనిషి ఏమీ చేయలేడు, తరువాతి ఫోను దాకా అదే నమిలి నమిలి మనసు పాడు చేసుకుంటాడు. అతనికి ధైర్యం చెప్పడం కన్నా కాగితం కదిలించడం మేలు.

ప్రత్యేక పరిస్థితులలో పనిచేస్తున్న సైనికుడి మీద సివిల్ దావా నడుస్తుంటే, అతను హాజరు కాలేడన్న అధికారిక ధ్రువపత్రం మీద కోర్టు విచారణను వాయిదా వేయడానికి 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ (లిటిగేషన్) చట్టం వీలు కల్పిస్తుంది. కోర్టు దాకా వెళ్ళని సరిహద్దు తగాదా అయితే కమాండింగ్ ఆఫీసరు ద్వారా జిల్లా కలెక్టరుకు ఉత్తరం రాయించవచ్చు. ఆ ఉత్తరం నకలు పట్టుకొని ఇంటివారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే ఫైలు ఎక్కడ ఉందో అడిగేవారు దొరుకుతారు. మా ఊరి వైపు రెండు కుటుంబాలకు ఈ దారిలోనే సర్వే జరిగింది. మరొక మనవి: మీకు వీలైతే లాన్స్ నాయక్ గారి భార్యకు గాని, తల్లికి గాని కంపెనీ వైపు నుంచి ఒకసారి ఫోను చేయించండి. అక్కడ ఆయనను పట్టించుకునేవారు ఉన్నారని తెలిస్తే, ఆమె ఫోనులో ఏడవడం తగ్గిస్తుంది. అది అన్నిటికన్నా ముందు ఆయనకే మేలు చేస్తుంది.

ప్రశ్న అడిగిన హవల్దారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రోస్టరు గోడ మీదికి ఎక్కింది, నర్సింగ్ అసిస్టెంటు అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు, బుఖారీ గొట్టం రోజూ తుడిచే వంతు కూడా రాశాను. సెలవుల వరుస తేల్చడానికి చాలాసేపు పట్టింది, రెండు చోట్ల గొంతులు లేచాయి. నిజానికి చాలా రోజుల తరువాత అందరూ ఒకేచోట కూర్చొని మాట్లాడుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది. తగాదా వివరాలు చెప్పమంటే లాన్స్ నాయక్ 'ఏమీ లేదు సార్' అంటున్నాడు. అతని అనుమతి లేకుండా కంపెనీకి రాయడం సబబేనా?

జవాబు: మాజీ సుబేదారు

ప్రాణానికి ప్రమాదం ఉందని డాక్టరమ్మ గారు చెప్పిన లక్షణాలు కనిపిస్తే అనుమతి కోసం ఆగవద్దు. అవి లేకపోతే అతని ఇంటి సంగతి అతను చెప్పకుండా కాగితం మీద పెట్టకండి. బంకరులో పిలిచి అడిగితే అందరి చెవులూ అటే ఉంటాయి. టెలిఫోను లైను తనిఖీకో, నీళ్ళకో వెళ్ళేటప్పుడు అతనిని మీ జతగా తీసుకువెళ్ళండి. మనసులో ఏముందని అడగకండి. సర్వే నంబరు ఎంత, పాస్ పుస్తకం ఎవరి పేరున ఉంది, నోటీసు వచ్చిందా, వస్తే ఏ కోర్టు నుంచి అని అడగండి. మనసు విప్పడానికి వెనకాడే మనిషి కూడా ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెబుతాడు. చెప్పిన తరువాత అర్జీ అతని చేతనే రాయించి, చదివి, సంతకం చేయించి, కిందికి వెళ్ళే మొదటి డాక్‌లో పంపండి. అది కంపెనీకి చేరిన సంగతి సెట్ మీద అడిగి తెలుసుకొని అదే రోజు అతనికి చెప్పండి.