తాతయ్య హరికథ రికార్డింగులు ఉన్న సైట్ మా ఇంట్లో తెరుచుకోవట్లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా తాతయ్య హరిదాసు. ఆయన పాత క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చి, బంధువులంతా వినేలా ఒక ఫైల్ షేరింగ్ సైట్‌లో పెట్టాను. అన్నీ ఇంట్లో రికార్డు చేసుకున్నవే, ఏ కంపెనీకీ వాటిపై హక్కుల్లేవు. పదిరోజులుగా మా బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ సైట్ తెరిస్తే "కోర్టు ఆదేశాల మేరకు నిలిపివేయబడింది" అని వస్తోంది. విచిత్రమేమిటంటే, ఫోన్ డేటాలో మాత్రం శుభ్రంగా వస్తోంది!

కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు చేశాను. మోడెం ఆపి మళ్లీ ఆన్ చేయమంటారు, అంతే. ఏ కోర్టు, ఏ కేసు అని అడిగితే జవాబు లేదు.

కొంచెం చదివాను. 2012 మార్చిలో మ్యూజిక్ కంపెనీల సంఘం అడిగితే కలకత్తా హైకోర్టు 104 పాటల సైట్లను ఆపమంది. అదే ఏడాది ఒక తమిళ సినిమా కేసులో ఇంటర్నెట్ ప్రొవైడర్లు సైట్లకు సైట్లే మూసేస్తే, జూన్‌లో మద్రాసు హైకోర్టు పైరసీ ఉన్న లింకులను మాత్రమే ఆపాలని స్పష్టం చేసింది. మరి నాకెందుకు మొత్తం సైట్ పోయింది?

నా సందేహాలు: ఆ ఆర్డరు కాపీ ఎలా సంపాదించాలి? ప్రొవైడర్ అప్పీల్ విభాగానికి రాస్తే ఫలితం ఉంటుందా, లేక లాయర్ కావాల్సిందేనా? ఇది డీఎన్ఎస్ (సైట్ పేరును బట్టి దాని నెట్ చిరునామా వెతికిపెట్టే వ్యవస్థ) స్థాయిలో ఆపిందా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చా? వీపీఎన్ (వేరే సర్వర్ మీదుగా సైట్ తెరిచే యాప్) వాడమని చెప్పకండి, డెబ్భై దాటిన మా పెద్దమ్మకి అది నేర్పడం నా వల్ల కాదు.