మూడు నెలల పాప, హాల్లో పీఎస్5: ఆటకి ఎప్పుడు, ఎలా కూర్చోవాలి?

ప్రశ్న (కె.ఆర్.పురం, బెంగళూరు)

అన్నలకీ అక్కలకీ నమస్తే. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పాపకి మొన్నటితో మూడు నెలలు నిండాయి. మా ఆవిడ కాన్పుకి అనంతపురం పుట్టింటికి వెళ్ళింది. నేను శని, ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేవాణ్ని. మిగతా ఐదు రోజులూ ఇంట్లో ఒక్కణ్నే కాబట్టి ఆఫీసు అవగానే ఆటే. పోయిన పదో తేదీన తల్లీబిడ్డల్ని ఇక్కడికి తీసుకొచ్చాం. అత్తయ్య కూడా వచ్చారు, ఇంకో రెండు నెలలు ఉంటారు.

మాది సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. టీవీ, పీఎస్5 (సోనీ వాళ్ళ వీడియో గేమ్ కన్సోల్) హాల్లో ఉన్నాయి. అత్తయ్య పడుకునేదీ హాల్లోనే. పదిన్నరకల్లా లైటు తీసేస్తాం. ఆ పీఎస్5ని 2021 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు 49,990 రూపాయలు పెట్టి, ఏడాది పాటు దాచిన డబ్బుతో కొన్నాను. ఆట నాకు ఊరికే టైంపాస్ కాదు. రోజంతా మీటింగుల్లో ఎవరో ఒకరికి జవాబు చెప్పి చెప్పి వచ్చాక, ఆ గంట కూర్చుంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

ఇప్పుడు విషయానికి వస్తాను. పోయిన బుధవారం రాత్రి తొమ్మిదికి స్నేహితులతో ఫోన్లో బీజీఎంఐ (జట్లుగా ఆన్‌లైన్లో ఆడే కాల్పుల గేమ్) ఆడుతున్నాను. చివరి సర్కిల్, అంటే మ్యాచ్ ఆఖరి దశ, మా స్క్వాడ్‌లో (జట్టులో) ముగ్గురం బతికే ఉన్నాం. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది, అత్తయ్య కింద నడుస్తున్నారు. లోపల పాప లేచింది. ఒక్క నిమిషంలో అయిపోతుందిలే అనుకున్నాను. అయ్యేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. వెళ్ళి చూస్తే ముఖం కందిపోయి, పిడికిళ్ళు బిగించి, గొంతు బొంగురుపోయి ఉంది. ఎత్తుకోగానే నా చొక్కా పట్టుకుని వెక్కిళ్ళు పెట్టింది. ఆ వెక్కిళ్ళు ఆగడానికి పది నిమిషాలు పట్టింది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఆ గేమ్ తెరవబుద్ధి కావడం లేదు.

పీఎస్5 అమ్మేయమంటారా? లేక చటుక్కున ఆపి లేవగలిగే ఆటలు ఏమన్నా ఉన్నాయా? పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆడొచ్చా? టీవీ వెలుతురు, ఆట చప్పుడు పాపకి చెరుపు చేస్తాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (హొరమావు, రెండేళ్ళ బాబు నాన్న)

తమ్ముడూ, అమ్మొద్దు. మా వాడు పుట్టిన కొత్తలో నేను నా పాత కన్సోల్ అమ్మేశాను. ఆర్నెల్లు తిరక్కుండానే ఇంకోటి కొన్నాను, డబ్బు దండగ. నాలుగు నిమిషాల సంగతి నువ్వే పట్టుకున్నావు, దాన్ని వదలకు. ఇబ్బంది ఆట ఆడటంలో లేదు, నీ చేతుల్లో లేని ఆట ఆడటంలో ఉంది.

బీజీఎంఐ లాంటి వాటిలో మ్యాచ్ మొదలయ్యాక నువ్వు లేస్తే మిగతా ముగ్గురూ నష్టపోతారు. ఎరాంగెల్ మ్యాప్‌లో ఒక మ్యాచ్ దాదాపు అరగంట. మూడు నెలల బిడ్డ అరగంట గ్యారంటీ ఇవ్వదు. కాబట్టి పాప డ్యూటీ నీ మీద ఉన్నంతసేపూ ఆన్‌లైన్ మ్యాచ్ వద్దు. పాప పూర్తిగా ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడే స్క్వాడ్. స్నేహితులకి ఈ మాట ముందే చెప్పెయ్, అర్థం చేసుకుంటారు.

ఒంటరిగా ఆడే గేముల్లోనూ అన్నీ ఆగవు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మెనూ తెరిచినా శత్రువు ఆగడు, వచ్చి కొట్టేస్తాడు. అదే కంపెనీ 2019లో తెచ్చిన సెకిరోలో పాజ్ నొక్కితే అంతా నిలిచిపోతుంది. కష్టంలో రెండూ రెండే, కానీ ఇప్పుడు నీకు పనికొచ్చేది రెండోదే. కొత్త గేమ్ కొనేముందు చూడాల్సింది గ్రాఫిక్స్ కాదు, పాజ్ ఉందా, సేవ్ ఎక్కడ అవుతుంది అనే రెండే.

సేవ్ విషయంలో ఒక ఉదాహరణ చెప్తాను. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్‌లో మన రైతు రాత్రి పడుకుంటేనే సేవ్ అవుతుంది. ఆటలో ఒక రోజంటే బయట సుమారు 14 నిమిషాలు. మొదట్లో ఇదేం గోల అనుకున్నాను గానీ, బాబు నిద్రలకి అదే బాగా సరిపోయింది. ఆటలో ఒక రోజు వ్యవసాయం చేసి, రైతుని పడుకోబెట్టి, నేనూ లేచిపోయేవాణ్ని. మధ్యలో ఏడిస్తే పాజ్.

పీఎస్5లో రెస్ట్ మోడ్ వాడు. ఆట ఉన్నచోటే నిలిచిపోతుంది, తిరిగి వచ్చి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. అయితే మధ్యలో వేరే గేమ్ తెరిస్తే మొదటిది మూసుకుపోతుంది. రెస్ట్ మోడ్‌లో ఉండగా కరెంటు పోయినా ఆ ఆట పోయినట్టే. అందుకని ఎప్పుడు వీలైతే అప్పుడు సేవ్ చేసే అలవాటు చేసుకో.

అత్తయ్య గారు హాల్లో పడుకుంటున్నారు కాబట్టి నీకు అసలు మందు రిమోట్ ప్లే. ఫోన్లో ఆ యాప్ ఉచితమే. పీఎస్5 హాల్లో ఉంటుంది, టీవీ ఆన్ చెయ్యక్కర్లేదు, బొమ్మ నీ ఫోన్లోకి వస్తుంది. కంట్రోలర్‌ని బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుపుకో. ఇంటర్నెట్ కనీసం 5 ఎంబీపీఎస్ ఉండాలి, 15 ఉంటే నిక్షేపంగా ఆడుతుంది. వంటగదిలో చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నా పాప గది తలుపు కనపడుతూ ఉంటుంది.

టీవీ మీద ఆడేటప్పుడు మామూలు వైరు ఇయర్‌ఫోన్స్‌ని కంట్రోలర్‌కే గుచ్చుకో, సెట్టింగ్స్‌లో శబ్దం మొత్తం హెడ్‌ఫోన్‌కి వచ్చేలా పెట్టు. ఒక చెవికే పెట్టుకో, రెండోది పాపకి. కంట్రోలర్ వణుకు కూడా ఆపెయ్. బల్ల మీద పెట్టినప్పుడు అది గురగురమంటుంది, రాత్రి నిశ్శబ్దంలో చాలా పెద్దగా వినపడుతుంది.

ఇంకో మాట. మా ఇంట్లో ఉన్నది నింటెండో వాళ్ళ స్విచ్ కన్సోల్. మా వాడు ఏడాది వయసులో దాని గేమ్ కార్డు నోట్లో పెట్టుకుని వెంటనే ముఖం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. పిల్లలు మింగకుండా వాటికి డెనటోనియం బెంజోయేట్ అనే చేదు పూత పూస్తారు. అయినా సరే, చిన్న వస్తువులన్నీ ఇప్పటి నుంచే పైఅరలో పెట్టుకో.

జవాబు (బానస్‌వాడి, పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు)

నేను డాక్టర్ని కాదండి, వార్డులో రోజూ చూసేది చెప్తున్నాను. పాపని ఒళ్ళో పెట్టుకుని ఆడటం వద్దు. మూడు నెలలకి మెడ ఇంకా పూర్తిగా నిలవదు, చాలామందికి నాలుగో నెలకి గట్టిపడుతుంది. రెండు చేతులూ కంట్రోలర్ మీద ఉంటే మెడ కింద చెయ్యి ఉండదు. అంతకంటే భయపడాల్సింది మీ నిద్ర గురించి. అర్ధరాత్రి సోఫాలోనో బీన్ బ్యాగ్‌లోనో బిడ్డని పట్టుకుని కూర్చున్న తండ్రి కునుకు తీశాడంటే, ఆ సందులో బిడ్డకి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. కళ్ళు మూతలు పడుతుంటే ముందు పాపని వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లు లేకుండా పడుకోబెట్టండి. తర్వాతే మీ సంగతి.

స్క్రీన్ గురించి అడిగారు. ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్ళ దాకా వద్దంటుంది, ఎప్పుడైనా బంధువులతో వీడియో కాల్ మాత్రం ఫర్వాలేదంటుంది. మూడు నెలల పిల్లలు కదిలే వెలుగుని కళ్ళతో వెంటాడతారు, అందుకే టీవీ వైపు మెడ తిప్పుతారు. ఆట ఇష్టమై చూస్తోందని మురిసిపోకండి. ఆ వయసుకి అత్యంత ఇష్టమైన బొమ్మ దగ్గరగా వంగిన మీ ముఖమే. పాప నిద్రలో ఉండగా వేరే గదిలో ఆడితే ఏ చెరుపూ లేదు.

ఇంట్లో రిమోట్లు, బొమ్మలు, తూకం మిషన్లు ఒకసారి చూసుకోండి. బిళ్ళ బ్యాటరీ ఉన్న ప్రతిదానికీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. మీ పాప ఇంకో నెల, రెండు నెలల్లో చేతికందిందల్లా నోట్లో పెట్టుకోవడం మొదలుపెడుతుంది.

జవాబు (ఎలక్ట్రానిక్ సిటీ, ఇద్దరు పిల్లల తల్లి)

అందరూ ఆట గురించి చెప్పారు. నేను మీ ఆవిడ గురించి చెప్తాను తమ్ముడూ. ఒక్క మాట కూడా అనలేదని రాశావు చూడు, నాకు అక్కడే గుండె కలుక్కుమంది. నా మొదటి కాన్పప్పుడు నేనూ అనేదాన్ని కాదు. అనడానికి ఓపిక ఉండేది కాదు. బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది మొదట్లో. ఒక్కోసారి పాలిచ్చి, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టి, పక్క మార్చి పడుకోబెట్టేసరికి ముప్పావు గంట. మళ్ళీ లేచేలోపు మిగిలేది ఎంత? ఒకసారి కాగితం మీద లెక్క వెయ్యి.

నీ గంట నువ్వు దొంగతనంగా తీసుకోవద్దు, అడిగి తీసుకో. అడిగేముందు ఆమెకి గంట ఇవ్వు. ఆ గంటలో ఆమె పడుకుంటుందో, స్నానం చేస్తుందో, ఊరికే గోడకి ఆనుకుని కూర్చుంటుందో ఆమె ఇష్టం. పాప ఏడ్చినా పిలవొద్దు, ఆకలి అయితే తప్ప.

మా ఇంట్లో పనిచేసింది రాత్రి పంపకం. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మా ఆయన డ్యూటీ, ఆ తర్వాత నాది. తొమ్మిదికి పాలిచ్చి నేను వెళ్ళి పడుకునేదాన్ని. మధ్యలో లేస్తే పిండి ఉంచిన పాలు ఆయనే పట్టేవారు. బయట ఉంచిన పాలు నాలుగు గంటల లోపే వాడాలి, అంతకు మించితే ఫ్రిజ్‌లో. ఆ నాలుగు గంటల్లో బిడ్డ పడుకుంటే ఆయన ఆడుకునేవారు, క్రికెట్ గేమ్ ఏదో. నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు, ఎందుకంటే నేను వరసగా నాలుగు గంటలు నిద్రపోయాను. మొదటి రాత్రి అలా పడుకుని లేచినప్పుడు గది గోడలు కొత్తగా కనపడ్డాయి నాకు.

ఆమె ఉద్యోగం చేస్తుంటే ఇంకా త్వరపడు. ప్రసూతి సెలవు 26 వారాలు, అందులో కాన్పుకి ముందు వాడుకున్నది పోతుంది. చూస్తుండగానే అయిపోతుంది. ఇంకొకటి, రెండు వారాలకి పైగా దిగులుగా, మాటాపలుకూ లేకుండా, ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉంటే అలసటేలే అని వదిలెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. బాలింతల్లో వచ్చే డిప్రెషన్‌కి మందుంది.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తర్వాత)

అందరికీ చేతులెత్తి దండం. ఏం జరిగిందో రాస్తాను, నాలాంటి వాళ్ళకి పనికొస్తుంది.

అక్క రాసింది చదివిన రాత్రే మా ఆవిడని కూర్చోబెట్టి అడిగాను. బుధవారం సంగతి నేనే ఎత్తాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు ఆడినందుకు కాదు, నేను స్నానం కూడా గాభరాగా చెయ్యాలా అని ఏడుపొచ్చింది" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగింది ఒక్కటే, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా తను ఒక్కతే చెరువు గట్టు మీద నడిచి రావాలి. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఇప్పుడు అది జరుగుతోంది. ఆఫీసు రోజుల్లో ట్రాఫిక్ వల్ల కుదరడం లేదు, ఆ బాకీ శనివారం తీరుస్తున్నాను. డాక్టర్‌ని కూడా ఒకసారి కలిశాం, నిద్ర చాలకపోవడమే అన్నారు.

రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట నాది. మొదటి మూడు రోజులు ఆట ముట్టుకోలేదు, పాప పడుకుంటే నేనూ పడుకున్నాను. నాలుగో రోజు రిమోట్ ప్లే పెట్టాను. ఫోన్లోంచి కన్సోల్ ఆన్ చెయ్యగానే హాల్లో టీవీ దానంతట అదే వెలిగింది, అత్తయ్య ఉలిక్కిపడి లేచారు. పీఎస్5 సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ డివైస్ లింక్ అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే టీవీ లేవదు. కన్సోల్ బీప్ కూడా సెట్టింగ్స్‌లోనే ఆపేశాను. ఎవరైనా రిమోట్ ప్లే పెట్టుకుంటే ముందు ఈ రెండూ చూసుకోండి.

మా పాప పదకొండింటికి ఒకసారి లేస్తుంది. పాలు పట్టి భుజాన వేసుకుంటే త్రేన్పు వచ్చేదాకా నా మెడ దగ్గర ముక్కు రుద్దుతుంది. పాజ్‌లో ఉన్న ఫోన్ స్టూలు మీద అలాగే వెలుగుతూ ఉంటుంది. కొన్ని రాత్రులు మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళాలనిపించడం లేదు, కొన్ని రాత్రులు వెళ్తున్నాను. స్క్వాడ్‌కి శనివారం రాత్రి పది నుంచి పదకొండు మాత్రమే అని చెప్పాను, ఆ గంట పాప మా ఆవిడ దగ్గర.

చివరిగా ఒకటి. మా వీధిలో కరెంటు వచ్చీ పోతూ ఉంటుంది. యూపీఎస్ ఏది తీసుకోవాలి?

జవాబు (హొరమావు)

చాలా సంతోషం తమ్ముడూ. నీది మొదటి మోడల్ పీఎస్5 కాబట్టి దాని మీద 350 వాట్లు అని ఉంటుంది. ఆడేటప్పుడు అంత లాగదు గానీ లెక్క దానితోనే వేసుకో, టీవీకి ఇంకో వంద, రౌటర్‌కి కొంచెం. షాపుల్లో ఎక్కువగా చూపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే, అది చాలదు. 1000 వీఏ తీసుకో. వీఏ అంకె చూసి మోసపోకు, వాట్లు ఎన్నో అడుగు. రౌటర్ కూడా దానికే తగిలించు, లేకపోతే రిమోట్ ప్లే తెగిపోతుంది. ఎస్.పి.రోడ్డులో అయితే నాలుగు షాపులు తిరిగి ధర కనుక్కోవచ్చు.

కొనేముందు షాపులోనే ప్లగ్గు పీకి చూడు. కరెంటు పోయినప్పుడు చాలా యూపీఎస్‌లు ఆగకుండా కీచుమంటాయి. ఆ చప్పుడు ఆపే బటన్ ఉన్నదే తెచ్చుకో.